కత్తెర పడని పడుగు

"అవ్వా, ఈ ఇల్లు కూలగొట్టకుండా నువ్వు వాకిట్లో అడ్డం పండుకున్నావంట గదా?"

పండుకుంటినా? ఎవురు పాపా చెప్పింది, మీ నాయనేనా? వానికేం తెలుసు, అప్పటికి పాలు తాగే బిడ్డ. పండుకోల్యా, కూసున్నా! మగ్గం గుంటలోకి కాళ్ళిడిచి రాణి మాదిరి కూసున్నా. రాసుకో, సరిగ్గా రాసుకో.

ఇది ఓబులమ్మక్క ఇల్లు. మా ధర్మవరంలో మొగుడు పోయిన ఆడపిల్లలను మగ్గంలో కూసోబెట్టిన మొదటి మనిషి ఆయమ్మే. అంతకుముందు మేం కండెలు చుట్టేకే, అదీ చాటుగా. పెండ్లిచీర మేం తాకితే పెండ్లికూతురికి కీడంట! ఆయమ్మ ఏం జేసె? మా ఏడుమందితో పెండ్లిచీరలే నేయించె! మధ్యాన్నం అచ్చరాలు నేర్పె, ఈ ఇల్లే మా బడి. అంతకుముందు నేను బడి మొగం చూసినదాన్ని కాదు, ఆయమ్మ బీరువాలో పుస్తకాలన్నీ చెదలకంటే ముందే తినేస్తిని. అప్పుడు అణాకు రెండు దోసెలు... మూడా? కాదు, రెండే. మూడు ఇచ్చేది హిందూపురంలో. సరే, అదొద్దులే.

ఆయమ్మ పోయి నెల కాలేదు, ఆయమ్మ తమ్ముని కొడుకు పెనుకొండ రిజిస్టరాఫీసుకు పోయి ఇల్లు అమ్మి రాయించేసి వచ్చె. కొన్నది ఎవురనుకున్యావు? మా చీరలు అమ్ముకునే సావుకారే! పడగొట్టి అంగడి కట్టాలంట. గడ్డపారలతో నలుగురిని తెచ్చి, "లెయ్యండమ్మా, సామాన్లు తీసుకోండి" అనె.

"మగ్గం మీద పడుగు ఉండాది సావుకారీ" అంటి.

నీకు తెలుసు గదా పాపా, నేసిన చీర కోసుకోవచ్చు గానీ, నేస్తాండే పడుగు పోగులకు ఈ ఊర్లో పగోడు కూడా కత్తెర పెట్టడు. కత్తెర తీసి ఆయప్ప చేతిలో పెడ్తి. "కోయి. పట్టు అమ్ముకోని తినే చెయ్యే గదా, కోయి చూస్తాం!" ఆయప్ప చెమట తుడుచుకోని, "ఈ పడుగు అయిపోనీ, వస్తా" అని పాయె.

అయిపోతే గదా! పడుగు కొసకు వచ్చేతలికి, ఆ పోగులకే కొత్త పోగులు ఒకటొకటే మెలేసి అతికేస్తిమి. అది ఏ మగ్గంలోనైనా చేసే పనే, దొంగతనమేం కాదు. ఆయప్ప ఎప్పుడొచ్చినా మగ్గం నిండుగా ఉంటాది!

"ఇంగా అయిపోలేదా?"

"యాడ అయిపోతాదప్పా, పెండ్లిళ్ళ కాలం, బిన్నా నేయండి, ఆలస్యం చేయొద్దండని పట్టు పంపించేది నువ్వే గదా?"

పక్క మగ్గంలో సూరమ్మ కొంగు నోట్లో కుక్కుకోని నవ్వె. పట్టు ఆపేయొచ్చు గదా అంటావా? ఎట్లా ఆపుతాడు? పెండ్లోళ్ళు వచ్చి మేం నేసిన అంచే కావాలని కూసుంటాంటిరి!

రెండేండ్లు గడిచె. ఒకనాడు పొద్దున్నే వచ్చె. గడ్డపార లేదు. ఎనక ఆయప్ప చెల్లెలు, ఇరవై ఏండ్లు కూడా ఉండవు. చెన్నేకొత్తపల్లికి ఇచ్చింటిరి, మొగుడు జొరంతో పోయినాడు. సావుకారి గడప బయటే నిలబడి, "మూల కూసోని తిండి మానేసింది. ఈమెకూ నేర్పుతారా?" అనె.

నా నోరు తెలుసు గదా నీకు. ఆయప్ప కోసం ఎన్ని మాటలు దాచిపెట్టుకోనుంటినో! ఆ పిల్ల మొగం చూసి అన్నీ మింగితి. "నేర్పేకి ఇల్లుండొద్దా సావుకారీ?" అంటి, అంతే.

తల వంచుకోని, "ఉంటాది" అనె.

ఆ వారమే పెనుకొండకు పోయి, మా బడి పేరున రాయించి కాయితం తెచ్చె. ఆయప్పను నిలబెట్టి, ముందరే నాలుగుసార్లు చదివితి. నమ్మేదాన్నా నేను?

ఆ పిల్లకు గుంటలో కాళ్ళు అందల్యా, కింద పీట ఏస్తిమి. మొదటి దినం, పేక పోగు తీసుకుపోయే నాడె విసిరితే అది మగ్గం దాటి వచ్చి నా మోకాలికి తగిలె. అబ్బా, నేను తిట్టేలోగా ఏం నవ్వినాది పాపా ఆ పిల్ల! ఇల్లంతా... నీకూ అట్లా పగలబడి నవ్వే దినాలే రానీ తల్లీ, ఎవురేమనుకున్నా సరే...