మేస్త్రి నెట్టిన ఇల్లు

"సముద్రానికి భయపడితే ఎలా పిన్నీ? అలుసిస్తే నెత్తికెక్కుతుంది," అన్నాడు తాపీమేస్త్రి టీ ఊదుకుంటూ. టీకొట్టు పిన్ని గ్లాసులు కడుగుతోంది. పొద్దుటి నుంచీ ఆమె చూపు కెరటాల మీదే ఉంది.

"మొన్న తుఫానుకి అల మా పెరటి గుమ్మం దాకా వచ్చిందా, రెండు రాళ్ళు అడ్డం వేశాను. ఆగింది. ఆగినట్టే ఆగి, గోడ కింద ఇసక లాగడం మొదలెట్టింది, దొంగబుద్ధి కదా. అప్పుడేం చేశానో తెలుసా? పెరటి గోడకి భుజం ఆనించి ఒక్క తోపు తోశాను. ఇల్లు కదిలింది."

"పునాదితోనా?" అడిగాడు బల్ల చివర కూర్చున్న వడ్రంగి.

"పునాది నేను వేసిందే, నా మాట వినదా? రోడ్డు దాకా నెట్టుకుపోయాను. లోపల మా అత్తగారు మంచం మీద నిద్ర. తలాపున చెంబులో నీళ్ళు తొణికితే ఒట్టు. మధ్యలో లేచి, 'ఏమిటల్లుడూ, కిటికీలో చెట్లు నడుస్తున్నాయి' అంది. 'గాలికిలెండి, పడుకోండత్తయ్యా' అన్నాను."

వడ్రంగి నవ్వబోయాడు. కింద ఎక్కడో గట్టు విరిగి దభీమని పడింది. అందరూ అటు చూశారు. మేస్త్రి గొంతు పెంచాడు.

"దాంతో సముద్రానికి రోషం వచ్చి కొండంత అల లేచింది. నేను తలుపు ఊడబీకి అడ్డం పెట్టి నెట్టాను చూడు, నీళ్ళు వెనక్కి, ఇంకా వెనక్కి, ఓడలన్నీ ఇసకలో కూలబడిపోయాయి. ఒక కెప్టెన్ నిచ్చెన దిగి నడిచొచ్చి, 'మేస్త్రిగారూ, పిల్లలుగలవాణ్ణి, కాసిని నీళ్ళు వదలండి' అని బతిమాలాడు. జాలేసి మోకాలిలోతు వదిలాను."

పిన్ని కడుగుతున్న గ్లాసు కింద పెట్టింది.

"నిన్నటి పోటుకి నీళ్ళు నా పొయ్యి దాకా వచ్చాయి. రేపు పున్నమి. ఆ భుజమేదో ఇక్కడ కూడా ఆనించు నాయనా."

ఆమె హాస్యమాడటం లేదు. మేస్త్రి టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. పక్కనున్న అతని బావమరిది మెల్లగా అన్నాడు.

"ఇల్లెక్కడుంది పిన్నీ? అమ్మని వీపున వేసుకుని, అక్క చెయ్యి పట్టుకుని, నడుంలోతు నీళ్ళలో వచ్చాడు బావ. మళ్ళీ వెళ్ళి తలుపులు రెండూ పీక్కొచ్చాడు. మూడోసారి వెళ్ళేసరికి ఇల్లు లేదు. ఆ తలుపులు మా వసారాలో ఉన్నాయి. రోజూ తుడుస్తాడు."

పిన్ని కొట్టు తలుపు వైపు తిరిగింది.

"పోనీ, చెక్క చీలకుండా తలుపు ఎలా ఊడదీయాలో అయినా చెప్పు."

మేస్త్రి లేచి వెళ్ళి తలుపు మడతబందుల మీది తుప్పు గోటితో గీకి చూశాడు. వడ్రంగి పనిముట్ల కోసం ఇంటికి బయల్దేరాడు.

"కాస్త నూనె ఉంటే ఇవ్వు పిన్నీ," అన్నాడు మేస్త్రి. "రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే విప్పుదాం."