పొద్దున పిలిచే గొంతు

ఆసుపత్రిలో మెదడు పరీక్ష చేసే గదిలో తల్లి కుర్చీలో కూర్చుని ఉంది. కూతురు ఆమె జుట్టును పాయలుగా విడదీసి, యంత్రం వైర్లను ఒక్కొక్కటిగా తలకు అంటిస్తోంది.

“పక్కింటావిడ వీధంతా చెప్పుకొస్తోందట. ‘వాళ్లమ్మాయి ఇరవై ఏళ్లు బ్యూటీపార్లర్లో జుట్టు కత్తిరించి, నలభయ్యో ఏట మెదడు చదువు చదివింది. ఇప్పుడు తలకాయల్లో దేవుణ్ణి వెతుకుతోంది’ అని.”

“దేవుణ్ణి కాదమ్మా, మూర్ఛల్ని. తల కదపకు.”

“ఇంత చక్కగా పాపిడి తీయడం మీ పెద్ద డాక్టర్లకి వచ్చా?”

“రాదు కాబట్టే నన్ను పెట్టుకున్నారు. సరే, నాన్న గొంతు ఎప్పుడు వినిపిస్తుందో చెప్పు.”

“రోజూ పొద్దున, ప్రార్థన చేసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లగానే. ‘లేచావా’ అంటారు. పోయి మూడేళ్లయినా అలవాటు మానలేదు మనిషి.”

“ఆ తర్వాత కాసేపు నీకు ఒళ్లు తెలియడం లేదు. మొన్న చెయ్యి కాలినా తెలియలేదు.”

“మానిపోతోందిగా.”

“రేపు బట్టలు అంటుకుంటే?”

“అంటే, ఆయన పిలుస్తున్నారంటే నువ్వు నమ్మవా?”

“నీకు వినిపిస్తోందని నమ్ముతాను. మెదడులో ఒకచోట మెరుపులాంటిది పుడితే అలా వినిపిస్తుంది. డాక్టరు చూసి చెప్పాలి గానీ, నీదీ అదేననుకుంటున్నా.”

“ఆ మెరుపు పుట్టించేదెవరు?”

“నా చదువు అంతదాకా పోలేదమ్మా. ఆపడానికి మాత్రలైతే ఉన్నాయి.”

“వేసుకుంటే ఆయన ఇక పలకరా?”

“పలకకపోవచ్చు.”

“మొదటిసారి ఆయన్ని దేవుడు తీసుకుపోయాడు, ఏమీ అనలేకపోయాను. ఈసారి తీసుకుపోయేది నువ్వు.”