కారులో కూర్చోవాల్సిన మనిషి

ఇండియానాలో ఒక వంటింట్లో, శనివారం పొద్దున, రెండు బాస్కెట్‌బాల్ టికెట్లు బల్లమీద పెట్టుకుని భార్యాభర్తలు వాదులాడుకుంటున్నారు.

"రెండున్నాయి కదే! ఇద్దరం వెళ్దాం."

"వెళ్దాం. నేను లోపల, నువ్వు బయట కారులో. రెండో కుర్చీలో నా కోటు కూర్చుంటుంది."

"ఇవాళ గెలిస్తే ఈ చుట్టుపక్కల కాలేజీలన్నీ ఆడే కాన్ఫరెన్స్ కప్పు మన కాలేజీదే! ఇరవై ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నా!"

"అందుకే చెప్తున్నా. జనవరిలో నువ్వు టీవీ ముందు కూర్చున్న మూడు ఆటలూ మనవాళ్లు ఓడిపోయారు. నిన్ను గరాజ్‌లోకి తోలాక పదకొండూ గెలిచారు."

"మన టీమ్‌లో ఆ పొడుగోడికి ఎవరూ అడ్డంరాని ఫ్రీ త్రో కూడా వెయ్యడం రాకపోతే నాదా తప్పు?"

"నువ్వు గరాజ్‌లోకి వెళ్లగానే వచ్చిందిగా!"

"సరే, నిజం చెప్తా, తిట్టకు. గరాజ్‌లో పెయింటు డబ్బాల వెనక రేడియో దాచా. పదకొండు ఆటలూ మొదట్నుంచీ చివరిదాకా విన్నా. అయినా గెలిచారు కదా! నావల్ల ఏ నష్టమూ లేదని తేలిపోయింది."

"పదకొండూ విన్నావా?"

"ఒక్కటీ వదల్లేదు."

ఆమె టికెట్లు రెండూ తీసి చేతిసంచిలో వేసుకుంది.

"అయితే గెలిపించింది ఆ రేడియోనే అన్నమాట! లేవయ్యా, తీసుకెళ్లి కారులో నీ పక్కన పెట్టుకో. పెయింటు డబ్బాలు కూడా మర్చిపోకు."