హీటర్ రిలే

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. సిరిసిల్లలో సగం దించిన షట్టరు లోపల, బండ్లకు కరెంటు పని చేసే మొయినుద్దీన్, సమ్మెలో ఉన్న బస్సు డ్రైవరు సాయన్న. షట్టరు ముందర ఒక పాత డీజిల్ కారు. వెనక సీట్లో సాయన్న భార్య సత్యవ్వ.

"టక్‌మన్నది గదా, మొయిన్ భాయ్! ఇంకేంది? పెట్టు, పోతం."

"టక్‌మంటె అయిపాయెనా సాయన్నా? రిలే సప్పుడు చేసుడు వేరు, కరెంటు పంపుడు వేరు. ఆగు, బల్బు పెట్టి చూడని."

"బల్బు గూడ వెలిగె. నేను చూసిన."

"అది చిన్న బల్బు. అది పాడైన రిలే మీద గూడ వెలుగుతది. ఇగో, హెడ్‌లైటు బల్బు పెట్టిన. ఇప్పుడు చెప్పు, వెలిగిందా?"

"...లేదు."

"ఇంజను ఏడి చేసే హీటర్ ప్లగ్గులు ఈ బల్బు కంటె ఎక్కువ కరెంటు గుంజుతయ్. గిది పెడితె ఉత్త సప్పుడే, ఇంజను పట్టది. ఆ డబ్బలకెళ్లి ఇంకోటియ్యి."

"గియన్ని ఏడియి?"

"పాత బండ్లు ఇప్పినప్పుడు తీసి పెట్టినయి. కొత్తది కావాల్నంటె కరీంనగర్ పోవాలె. పోదామంటె బస్సు లేదు. బస్సులు ఎవలాపిండ్రు?"

"నీకిప్పుడే దొరికిందా పరాష్కం? మొన్న సత్తి కరీంనగర్‌ల డయాలిసిస్‌కు పోయేదుండె, బండి దొరకక పోలే. రాత్రంత కూసునే ఉన్నది, పండుకుంటె దమ్మొస్తుంది. కాళ్లు చూసినవా? చెప్పులు పడ్తలేవు. ఇయ్యాల గూడ మిషన్ మీదికి పోకపోతె..."

"ఓ... నేను ఇంటున్న. నా కాళ్ల ముచ్చట ఆయనకెందుకు? భాయ్, మెల్లగ చూడు. తొందర లేదు."

"తొందర లేదంటవేందే సత్తీ!"

"నువ్వు గట్ల మీద పడి ఊపిరిడుస్తుంటె ఆయనకు పని సాగుతలేదు."

"మంచిగ చెప్పినవ్ చెల్లె. జరుగు సాయన్నా... ఊఁ, ఇది టక్ గూడ అంటలేదు. ఇది గూడ. సాయన్నా, ఒక్క మాట. రిలే లేకుంటె ఏమాయె? నలుగురు తోస్తె స్టార్టయితది. నువ్వు బస్సు నడిపినోనివి, నీకు తెల్వదా?"

"సెల్ఫ్ పట్టకపోతె ఇంటికాడికెళ్లి దిగుడు మీద దొర్లిచ్చుకుంట తెచ్చిన. స్టార్టయినంక తొవ్వల సమ్మె పికెట్ల కాడ ఆపుతరు గదా. ఆపి ఇంజను బందు చేపిస్తరు. జై తెలంగాణ అనిపిచ్చి, జరసేపటికి ఇడుస్తరు. ఈ ముసలి ఇంజను ఏడి మీద గూడ హీటర్ లేంది సెల్ఫ్‌కు పట్టదంటివి."

"ఇంజను బందు పెట్టే పద్ధతి ఎవడు తెచ్చిండో గని..."

"నేనే తెచ్చిన, మా పికెట్ కాడ. అందరు అదే పట్టుకున్నరు. అయితేంది?"

"అయితేం లేదు. ఆపినోళ్లనే తొయ్యుమను. పేషంటున్నదంటె తొయ్యరా?"

"తొయ్యుమని నేనడుగ."

"ఎందుకు?"

"పాత బండి. గేర్లు పాడైతయ్."

"గేర్లా?"

"ఆ, గేర్లే."

"మరి తల్కాయకు ఆ తువ్వాలేంది?"

"సలి."

"గింత ఎండల సలా?"

"నువ్వు రిలే చూడు భాయ్."

"చూస్తనే ఉన్న... ఇగో! ఇగో, చూడు! కండ్లల్ల కొడ్తుంది వెలుతురు."

"వెలిగిందే సత్తీ! పెట్టు, పెట్టు."

"ఆగు. ఒక్కపారి వెలిగితె నమ్మద్దు. కొన్నిసార్లు టక్‌మనిపిచ్చి చూడాలె... ఆ, మంచిగనే ఉంది. పెట్టిన. కీ తిప్పు. హీటర్ లైటు ఆరినంకనే సెల్ఫ్ కొట్టు."

"పట్టింది భాయ్!"

"బందు చేసి మళ్ల కొట్టు."

"పట్టినదాన్ని బందు చేస్తరా?"

"ఈడ పట్టకపోతె నేనున్న. ఆడ పట్టకపోతె ఎవలున్నరు? చెయ్యి... ఆ. మళ్ల పట్టింది. ఇగ పో. ఎటుకెళ్లి పోతవ్?"

"పల్లెలల్లకెళ్లి. చుట్టు తిరిగి."

"పిచ్చి లేసిందా? ఆ గుంతల రోడ్లల్ల చెల్లె ఆగుతదా? వేములవాడ రోడ్డు పట్టు, సక్కగ పో."

"ఆ రోడ్డుకు పోవాల్నంటె మా పికెట్ దాటాలె."

"నీ పికెటే గదా!"

"అందుకే."

"అంటె టాక్సీ ప్రభుదాస్ ముచ్చట నిజమే అన్నట్టు. జీపుల ముసలామె ఉన్నది, దవాఖానకు పోతున్న అని దండం పెడితె, సమ్మెల బండి తిప్పెటోడు ద్రోహి అని మైకుల తిట్టి, నాలుగు టైర్ల గాలి తీపిచ్చినవట."

"ఆమెకు ఉత్త జరం భాయ్."

"నీకెట్ల తెలుసు?"

"...తెల్వది. ఇప్పుడు నేనే పేషంటును ఏసుకొని ఆడికెళ్లి పోతె ఏమంటరు? ప్రభుదాస్ టాక్సీ అడ్డా గూడ ఆడనే. నన్ను చూసి నవ్వుతడు వాడు."

"వాడు అనకు."

"నువ్వూకో సత్తీ, నీకు తెల్వదు. గంభీరావుపేటకెళ్లి మీ అన్న కారు పంపబట్టి గింత దూరమన్న వచ్చినం. లేకుంటె..."

"మా అన్న పంపలే."

"పంపలేంది? పొద్దుగాల నువ్వే అంటివి గదా, అన్న దోస్తు కారు అని."

"అబద్ధం చెప్పిన. నువ్వు నీళ్లకు పోయినప్పుడు ప్రభుదాసే తోలుకొచ్చి వాకిట్ల పెట్టిండు. తాళం నా చేతుల పెట్టి, నాది అని చెప్పకక్కా, తెలిస్తె సాయన్న ఎక్కడు అన్నడు. ఇగ చెప్పిన. ఎక్కుతవా, నన్ను దిగుమంటవా?"