తలో గుప్పెడు

మార్చి ఏడో తేదీ, ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర. నువ్వడిగావు కాబట్టి చెబుతున్నానమ్మడూ, లేకపోతే మనింట్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఆ పిండి చేతులు కడుక్కుని ఇలా కూర్చో. మా మేనత్త, మా నాన్నకి అక్క, నువ్వు పుట్టేనాటికే పోయింది. హాల్లో ఫొటోలో వెనక వరసలో సగం మొహం కనిపిస్తుందే, ఆవిడ. ఆ సగమైనా పడిందంటే ఫొటో తీసినవాడి చలవ. మొగుడు పోయి తమ్ముడింటికి చేరిన మనిషి. పడక వంటింట్లోనే, సరుకుల బీరువా పక్కన. పొద్దున్నే ఆమె పక్క చుట్టేస్తేగాని మిగతావాళ్ళకి కాఫీ లేదు.

ఆవిడ బిస్కెట్లు చేస్తే వీధి మలుపు దాకా వాసన. ముద్ద ఒకటే, గిన్నెలు నాలుగు. నాయనమ్మ గిన్నెలో ఎండుద్రాక్ష, నాన్న గిన్నెలో జీడిపప్పు, చిన్నాన్నకి వేయించిన పల్లీలు, అమ్మకి చాక్లెట్ ముక్కలు. ఒకరిది ఒకరికి పడిందా, ఇక ఆ పూట కురుక్షేత్రమే! మరి ఆవిడకేం ఇష్టం? ఎవరడిగారు గనక. గిన్నెలు గీకితే వచ్చేది ఆవిడ వాటా. ఏం చెబుతున్నాను... ఆఁ, బేకరీ ఆవిడ. ఎక్కడో ఒకటి తిని, వెతుక్కుంటూ వచ్చింది. "మీకు నచ్చినట్టు ఒక వాయి చేసి పెట్టండి. బాగుంటే బిస్కెట్ల పని మీదే. మేడమీద గది ఖాళీగా ఉంది, అక్కడే ఉండొచ్చు. మార్చి ఏడు, ఆదివారం మూడున్నరకి వస్తాను" అంది. గదమ్మా! లోపల గడియ ఉన్న గది. ఆ గడియ మాట చెప్పేటప్పుడు అత్తయ్య వేళ్ళు వాటంతటవే కదిలేవి, వేసుకుంటున్నట్టు.

ఆ ఆదివారం అందుకే గిన్నె ఒక్కటే. అక్రోట్లు, పాకంలో ఊరిన నారింజ తొక్క. ముద్ద ఎంతవరకు పట్టుకోగలదో అంతే వేసి, తడిబట్ట కప్పి, దేవుడికి దణ్ణం పెట్టుకుని స్నానానికి వెళ్ళింది. నేనప్పుడు చంటిదాన్ని, అమ్మ చంకలో ఉన్నాను. ఇదంతా తర్వాత అత్తయ్యా, అమ్మా చెరో ముక్కా చెబితే తెలిసిందే. ముందు నాయనమ్మ వచ్చింది. బట్ట ఎత్తి చూసి, "దీని మతి మండా, నా ద్రాక్ష మర్చిపోయింది!" అని గుప్పెడు పోసి గరిటతో తిప్పింది. తర్వాత నాన్న. "అక్కకి నా జీడిపప్పు గుర్తులేదా?" ఓ గుప్పెడు. చిన్నాన్నయితే మాటే లేదు, డబ్బా బోర్లించాడు. ఆఖరికి అమ్మ. అనుకున్న వేళకి ముందే బేకరీ ఆవిడ వాకిట్లోకి వచ్చేసరికి, "అయ్యో, వదిన ఇంకా స్నానంలోనే ఉంది" అంటూ తన చాక్లెట్ ముక్కలు వేసుకుని, గబగబా పళ్ళెంలో పెట్టి ఓవెన్లోకి తోసేసింది. సాయం చేశాననే అనుకుంది, పిచ్చిది.

అత్తయ్య తల తుడుచుకుని వచ్చేసరికి బిస్కెట్లు ముందుగదిలో ఉన్నాయి. బేకరీ ఆవిడ ఒకటి తీసింది, వేళ్ళలోనే విరిగి ఒళ్ళో పడింది. ఇంకోటి తీసింది, అదీ అంతే. "పిండికి పట్టు లేదండీ. ఆశకొద్దీ ఇంట్లో ఉన్నవన్నీ పోసేశారు. దుకాణంలో ఇలా కుదరదు" అంది. అత్తయ్య పళ్ళెం వంక చూసింది. ద్రాక్ష, జీడిపప్పు, పల్లీ, చాక్లెట్. ఎవరెవరు వచ్చి వెళ్ళారో ఇంకొకరు చెప్పాలా? "ఇవి నేను..." అని నోరు తెరిచిందో లేదో, నాయనమ్మ అందుకుంది, "నువ్వు చేసినవే కదే! తెలిసినావిడ తప్పు చెబితే ఒప్పుకోవాలి." తెలిసే అందో తెలియక అందో, పైవాడికెరుక. కాదంటే పరాయి మనిషి ముందు కన్నతల్లిని అబద్ధాలకోరుని చెయ్యాలి. అత్తయ్య రాలిన ముక్కలు ఏరి పళ్ళెంలో వేసుకుని లోపలికి తీసుకెళ్ళింది. బేకరీ ఆవిడ ఇంకెవరినో పెట్టుకుంది.

కావాలని చెడగొట్టారా అంటావా? లేదు తల్లీ, అదే నా కడుపుమంట. కావాలని చేస్తే నిలదీయొచ్చు, క్షమించనూవచ్చు. వీళ్ళు తమ వాటా తాము వేసుకున్నారు, అంతే. అందరూ నావాళ్ళే, అందరూ పోయారు. రోజూ దణ్ణం పెట్టేటప్పుడు వాళ్ళని చల్లగా ఉంచమని అడుగుతాను. నోరు అంటుంది, మనసు అక్కడికొచ్చి మొరాయిస్తుంది.

మర్నాడు పొద్దున్న? ఏముంది, అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆ విరిగిన బిస్కెట్ల పొడి గిన్నెల్లో పెట్టించుకుని, వేడిపాలు పోయించుకుని, చెంచాలతో తిన్నారు. "అన్నీ కలిస్తే ఇంత రుచా! ఇకమీదట నాలుగు గిన్నెల శ్రమెందుకే నీకు, ఇలాగే చేసెయ్" అంది నాయనమ్మ. మారు కూడా అడిగారు. అత్తయ్య వడ్డించింది.