ఉతకకూడని సాక్సులు

మధ్యాహ్నం పూట, ఒక్క గిరాకీ లేని తన సెలూన్‌లో తమ్ముడు గిరాకీలు కూర్చునే కుర్చీలోనే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అక్క ముక్కు మూసుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“...ముందా ఫ్యాను ఆపరా. కంపంతా మొహానికి కొడుతోంది, ఛీ.”

“ఆపితే ఉక్కపోస్తుందక్కా.”

“ఉక్క నయం. పొద్దున ఎవరో సగం గెడ్డంతో లేచిపోయాడట కదా?”

“ఆయనకేదో పనుండి...”

“సగం గెడ్డంతో ఏం పనిరా? ఎదురు సెలూన్‌లో మిగతా సగం గీయించుకునే పనా? నీ సాక్సుల కంపుకేనని వీధంతా చెప్పుకుంటోంది.”

“అవి ఉతక్కూడదు. ఇన్‌ఫ్రారెడ్ గుడ్డ. ఉతికితే గుణం పోతుందని బావ చెప్పాడు.”

“చెప్తాడు మా ఆయన. సాక్సులు అమ్ముకునేవాడు ఏమైనా చెప్తాడు.”

“బావని అనకు. ఒంటి వేడిని ఆ గుడ్డ పట్టుకుని, కంటికి కనపడని కిరణాలుగా మళ్ళీ ఒంట్లోకే పంపుతుందట. నిలబడి పనిచేసేవాళ్ళకి ప్రాణదానమట.”

“మరి చెప్పులేవి?”

“షాపులో వేసుకోను. చెప్పులుంటే కిరణాలు సరిగా పనిచెయ్యవట.”

“అదీ ఆయనే చెప్పాడా?”

“ఎగతాళి చెయ్యి, చెయ్యి. ఇదివరకు రాత్రయితే కాళ్ళు మంటలెత్తి ఏడ్చేవాణ్ణి, నువ్వే చూశావు. ఇప్పుడో? మంట లేదు, నొప్పి లేదు, అసలు కాళ్ళున్నట్టే లేదు.”

“షుగరు బిళ్ళలు వేసుకుంటున్నావా?”

“టీ తాగుతావా అక్కా?”

“బిళ్ళలురా.”

“నొప్పే లేనప్పుడు బిళ్ళలెందుకని...”

“మీ బావ మానెయ్యమన్నాడా?”

“మానెయ్యమనలేదు. మానొద్దనీ అనలేదు.”

“థూ. ఆ మనిషిని చూస్తేనే రోత పుడుతోంది నాకు. సొంత బావమరిది కూడా బేరమే అయిపోయాడు.”

“అలా అనకక్కా. నిలబడగలిగితేనే నాకు కూడు. అందుకేగా ఈ తంటా.”

“అందుకే వచ్చా. రాత్రి మా ఇంట్లో విప్పి పడుకున్నావే, అప్పుడు సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికా. ఆరేసి, తెల్లారేలోగా మళ్ళీ అక్కడే పెట్టా.”

“అయ్యో, ఎంత పని చేశావు! గుణమంతా పోయుంటుంది.”

“గుణం సంగతి దేవుడెరుగు. కంపు పోలేదురా. ఆ కాలు ఇటు పెట్టు, విప్పి చూస్తా.”

“నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటి, పెద్దదానివి.”

“వాగకుండా వెనక్కి వాలి కూర్చో.”

“నెమ్మదక్కా, కుడిది బిగుతుగా ఉంటుంది... బావకి మాత్రం ఉతికానని చెప్పకేం. కష్టపెట్టుకుంటాడు... ఏంటి, ఇంకా రాలేదా? అంత కంపుగా ఉంటే త్వరగా లాగెయ్యి మరి.”

“లాగేసి చాలాసేపైందిరా. కదలకు. అరికాల్లో సగం బ్లేడు దిగి ఉంది.”