ఆమె పేరు మీద చేసిన మార్పు

"తీసింది ఒక్క వాక్యమేగా! దానికి పొద్దుట్నుంచీ ఇంత రాద్ధాంతమా?"

"నేను స్నానానికి వెళ్ళినప్పుడు, నా కంప్యూటర్లో, నా పేరు మీద తీశారు. ఆ సంగతి చెప్పరేం?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భర్త మొహం చూడబుద్ధి కాలేదు ఆమెకి. ఎవరైనా రాయగలిగే ఆ ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో నాయకుల జీవిత చరిత్రలు ఎవరి పక్షమూ వహించకుండా చూడటం తొమ్మిదేళ్ళుగా ఆమె పెట్టుకున్న పని. ఆయన ఉద్యోగం ఆ నాయకుల్లో ఒకరి ఆఫీసులోనే.

"ఎన్నికల ముందు ఆ బడి గోడ గొడవ ఎవరిక్కావాలే?"

"మీ సారు కట్టించిన ఆ గోడ నాసిరకమని తేల్చింది కోర్టండీ. ఆ వాక్యం పీకేసి ఏం పెట్టారు? 'పేదల పాలిటి పెన్నిధి'!"

"ఆ ముక్క సారే చెప్పారు."

"తన గురించి తనేనా? ఛీ!"

"నీ పేరు చూస్తే అక్కడెవరూ అడ్డు చెప్పరని..."

"అందుకేగా ఒళ్ళు మండేది! నా మీదున్న నమ్మకాన్ని మసిగుడ్డలా వాడారు."

"సరే, మళ్ళీ పెట్టేయ్. గుట్టుగా పోతుంది."

"ఏ మార్పు ఎవరు చేశారో అక్కడ పేరుతో సహా ఉండిపోతుంది. ఇక గుట్టేమిటి?"

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నాక, అత్తగారికి వడ్డిస్తూ ఆమె నెమ్మదిగా చెప్పింది.

"ఆ వాక్యం తిరిగి పెట్టేశాను అత్తయ్యా. తీసింది మా ఆయనేననీ, ఆయన పనిచేసేది ఆ నాయకుడి దగ్గరేననీ అందరూ చూసేలా రాశాను. నా పేరు మీదే జరిగింది కాబట్టి, అక్కడ నాకిచ్చిన నిర్వాహకురాలి హోదా కూడా వదిలేశాను. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే నిజమేనని చెప్పండి."